ఆ కాగితం ఎవరి పెట్టెలో ఉంది?

(చీరాలలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఫోన్లో రికార్డు చేసింది విని టైపు చేసాం, మాటలు పెద్దగా సర్దలేదు.)

అందరికీ నమస్కారం అండి. వెనక వాళ్ళకి వినపడతా ఉందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి తప్ప ఏమీ వినపడదు. సరే. నేను ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి హిస్టరీ చెప్పానండి, వాళ్ళలో ఒక్కడూ నా మాట వినలేదు, ఇప్పుడు రిటైర్ అయ్యాక మీరు దొరికారు. (నవ్వులు)

మా పెద్దాడు హాంబర్గ్‌లో ఉంటాడు. రెండేళ్ళ కిందట నేనూ మా ఆవిడా వెళ్ళాం, మే నెలలో. వెళ్ళిన మొదటి వారంలోనే వాడు, నాన్నా రేపు రేవు పుట్టినరోజు, పోదాం అన్నాడు. రేవుకి పుట్టినరోజేంట్రా అన్నాను. నిజంగానే చేస్తారండి, తిరనాళ్ళలాగ. ఎల్బా నది నిండా ఓడలు, తెరచాపలు కట్టిన పాతకాలం ఓడలు, వాటి మధ్య ఈ పెద్ద ఓడల్ని లాగే టగ్ బోట్లు ఉంటాయి చూడండి, అవి మ్యూజిక్‌కి తగ్గట్టు గుండ్రంగా తిరుగుతా డాన్స్ చేస్తాయి. ఒడ్డున చేప పెట్టిన బన్నులు. మా ఆవిడ శాకాహారం కాబట్టి ఆమెకి ఆ రోజు ఐస్‌క్రీమే దిక్కు. ఏ సంవత్సరం పుట్టిందిరా ఈ రేవు అంటే 1189 మే 7 అన్నాడు. ఆ రోజు చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా, బార్బరోసా అంటే ఎర్రగడ్డం వాడని, ఆయన హాంబర్గ్ వాళ్ళకి ఒక సనదు ఇచ్చాడంట. సముద్రం దగ్గర నుంచి ఊరి దాకా, అంటే సుమారు వంద కిలోమీటర్లు, ఎల్బా నది మీద మీ ఓడలు సుంకం కట్టక్కర్లేదు అని.

ఇక్కడ తమాషా ఏంటంటే ఆ సనదు దొంగ సనదు. అవునండి. ఇప్పుడున్న ఆ పత్రం 1189లో రాసింది కాదు, 1265 ప్రాంతంలో, అంటే చక్రవర్తి పోయిన డెబ్బై ఐదేళ్ళకి ఊళ్ళో వాళ్ళే రాయించుకున్నారు అని చరిత్రకారులు ఎప్పుడో తేల్చేసారు. నది మీద సుంకాల గొడవ వచ్చింది, చూపించడానికి కాగితం కావాల్సొచ్చింది, తయారు చేసుకున్నారు. బార్బరోసా నోటి మాటగా ఏదో ఇచ్చే ఉంటాడు, ఆ ఏడాదే ఆయన క్రూసేడ్‌కి, అంటే మతయుద్ధానికి, బయల్దేరాడు, మరుసటి ఏడాది దారిలో ఏట్లో మునిగి పోయాడు, ఇక అడగడానికి మనిషి లేడు. సంగతంతా తెలిసి కూడా హాంబర్గ్ వాళ్ళు ఏటా హాయిగా పుట్టినరోజు చేసుకుంటున్నారు. మనం నవ్వుకోవచ్చు గానీ నాకు అక్కడే ఒక విషయం పట్టుకుంది, ఇవాళ మీతో మాట్లాడేది దాని గురించే. హక్కు ఇచ్చింది ఎవరు అని అందరూ అడుగుతారు. ఆ కాగితం ఎవరి పెట్టెలో ఉంది అని ఎవరూ అడగరు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. హక్కు అనగానే మనకి రాజ్యాంగం గుర్తొస్తుంది, మనిషై పుట్టినందుకే ఉండేది అనుకుంటాం. యూరప్‌లో ఆ పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో హక్కు అంటే అది కాదు. హక్కు అంటే మినహాయింపు. ఫలానా సుంకం మాకు లేదు, ఫలానా కోర్టు మమ్మల్ని పిలవకూడదు, ఫలానా దొర మా ఊరి పక్కన కోట కట్టకూడదు, ఇలాంటివి ఒక్కొక్కటి బేరమాడి, డబ్బు పోసి, ఒక్కోసారి యుద్ధంలో రాజుకి సాయం చేసి సంపాదించుకున్న జాబితా అన్నమాట. పక్కూరి వాడికి లేనిది మాకు ఉంది, అదే దాని విలువ. అందరికీ ఇచ్చేస్తే ఇక దానికి విలువేముంది?

దీనికి అసలైన ఉదాహరణ హాంబర్గ్ కాదు, దానికి ఈశాన్యంగా రైల్లో ఓ నలభై ఐదు నిమిషాలు పోతే వచ్చే లూబెక్. చిన్న ఊరే. చుట్టూ నీళ్ళు, ఎర్ర ఇటుక చర్చిలు, వీధులు నది వైపుకి వాలుగా దిగుతా ఉంటాయి. 1143లో ఒక దొర పెట్టాడు దాన్ని, తర్వాత తగలబడింది, 1159లో హెన్రీ ది లయన్ అనే డ్యూకు మళ్ళీ కట్టించాడు. బాల్టిక్ సముద్రం మీద జర్మన్ వర్తకులకి అదే గుమ్మం. తర్వాత డెన్మార్క్ రాజు దాన్ని పట్టుకున్నాడు. ఆయన పట్టు సడలుతున్న టైములో, 1226లో, ఊరి పెద్దలు చక్రవర్తి దగ్గరికి బయల్దేరారు. చక్రవర్తి రెండో ఫ్రెడరిక్, మన ఎర్రగడ్డం ఆయన మనవడు. ఆయన జర్మనీలో ఉండడు, ఇటలీలో ఉంటాడు. ఆల్ప్స్ కొండలు దాటి పోయారు. చేతిలో ఏముంది? మీ తాతగారు 1188లో మాకిచ్చిన సనదు ఇదిగో అని ఒక పత్రం. అది కూడా (నవ్వులు) మీకు అర్థమైపోయింది. తాత ఇచ్చిన అసలు సనదులో తమకి కావలసినవి చేర్చి, అక్కర్లేనివి తీసి, ప్రయాణానికి ముందు కొత్తగా రాసుకుని పట్టుకెళ్ళారు. మనవడు దాన్ని చూసి సరే మా తాత ఇచ్చిందే కదా అని ఖాయం చేసాడు. కొన్ని వారాలకి దాని పైన ఇంకో సనదు ఇచ్చాడు, ఇది మాత్రం నికార్సైనది. లూబెక్ ఎప్పటికీ స్వేచ్ఛగా ఉంటుంది, మధ్యలో ఏ డ్యూకూ ఏ దొరా లేకుండా నేరుగా చక్రవర్తికే చెందుతుంది అని.

ఆ 1226 సనదులో నాకు బాగా నచ్చిన లైను ఇంకోటి ఉంది. లూబెక్ వాళ్ళు ఇంగ్లండ్ వెళ్తే అక్కడ ముందే దుకాణం పెట్టుకున్న కొలోన్ అనే జర్మన్ ఊరి వాళ్ళు, టీల్ అనే ఊరి వాళ్ళు వీళ్ళ దగ్గర ఏవో మామూళ్ళు వసూలు చేస్తున్నారు, ఇకపై చెయ్యకూడదు అని. చూడండి, పరాయి దేశంలో మన వాడే మన వాడి దగ్గర మామూళ్ళు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మాట.

ఇప్పుడు పెట్టె. లూబెక్‌లో మరియా చర్చి అని ఆకాశం అంత ఎత్తు ఇటుక కట్టడం, ఆ చర్చి లోపల ట్రేజె అని ఒక గది. ఊరి సనదులన్నీ ముద్రలతో సహా అక్కడ పెట్టేవారు. అంటే రాజు దగ్గరో బిషప్పు దగ్గరో కాదు, ఊరి దగ్గర. రాజు పోతే కొత్త రాజు దగ్గరికి ఊరి మనుషులు పోతారు, నకలు చూపించి మళ్ళీ ఖాయం చేయించుకుంటారు, ఆ కొత్తది కూడా తెచ్చి గదిలో పెట్టి తాళం వేస్తారు. ఊరు అనేది చచ్చిపోని మనిషి, రాజులు మాత్రం వస్తారు పోతారు.

సరే, ఊరికి హక్కు వచ్చింది. ఊళ్ళో ఎవరికి వచ్చింది? ఊళ్ళో ఉన్న వాళ్ళందరికీ అనుకుంటే పొరపాటు. అక్కడ పౌరుడు వేరు, కాపురం ఉండేవాడు వేరు. పౌరుడు కావాలంటే చాలా జర్మన్ ఊళ్ళలో ఏం అడిగేవారంటే, ఫీజు కట్టాలి, ఊరి కౌన్సిల్ ముందు ప్రమాణం చెయ్యాలి, పౌరుల పుస్తకంలో పేరు రాయించుకోవాలి, కవచమో బల్లెమో ఏదో ఒక ఆయుధం సొంతంగా ఉండాలి ఎందుకంటే గోడ మీద కాపలా వంతు వస్తుంది, ఇంకా ఒక తోలు బకెట్ తేవాలి. బకెట్ ఎందుకు? కొంపలన్నీ చెక్కవి, ఇరుకు సందులు, నిప్పు అంటుకుందంటే ఊరు ఊరంతా పోద్ది. గంట కొట్టగానే బకెట్ పట్టుకుని పరిగెత్తాలి. నేను పిల్లలకి ఇదే చెప్పేవాణ్ణి, ఓటు గీటు తర్వాత సంగతి రా, పౌరుడంటే ముందు బకెట్ తెచ్చినవాడు అని.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. పల్లెలో దొర కింద కట్టుబానిసగా ఉన్నవాడు పారిపోయి ఊళ్ళోకొచ్చి, ఒక ఏడాదీ ఒక రోజూ ఎవరూ వచ్చి వీడు నావాడు అనకుండా గడిపేస్తే ఇక వాడు స్వేచ్ఛాజీవి. చాలా ఊళ్ళలో ఈ లెక్క ఉంది. కానీ స్వేచ్ఛ వచ్చినంత మాత్రాన పౌరుడు అయిపోడు! బకెట్ కొనడానికి, ఫీజు కట్టడానికి డబ్బులు ఉండాలి కదా. పనివాళ్ళు, కూలీలు, పనిమనుషులు, అప్రెంటిస్ కుర్రాళ్ళు ఊళ్ళో పుట్టి ఊళ్ళోనే పోయినా ఆ పుస్తకంలో పేరు ఎక్కని వాళ్ళు బోలెడంత మంది. యూదుల సంగతి ఇంకా ఘోరం, పన్ను కట్టించుకుని ఉండనిచ్చేవాళ్ళు, ఇష్టం లేనప్పుడు పొమ్మనేవాళ్ళు. కొలోన్ 1424లో వెళ్ళగొట్టింది. అదే కొలోన్లో ఆడవాళ్ళకి సొంత వృత్తి సంఘాలు ఉండేవి, నూలు వడికే వాళ్ళది 1397లో, పట్టు పని వాళ్ళది 1437లో. ఒకే ఊరు, ఒక చేత్తో తలుపు తీస్తుంది ఇంకో చేత్తో మెడ పట్టి గెంటుతుంది. అందుకే నేను ఈ ఊళ్ళ గురించి మరీ మురిసిపోతూ మాట్లాడను.

కొలోన్ అన్నాను కాబట్టి, వాళ్ళ దౌర్జన్యం ఒకటి చెప్పి ముందుకి పోతాను. 1259లో వాళ్ళ ఆర్చిబిషప్పు ఒక హక్కు ఇచ్చాడు. రైన్ నది మీద పోయే సరుకు ఏదైనా సరే కొలోన్లో దించాలి, మూడు రోజులు ఊరి వాళ్ళకి అమ్మకానికి చూపించాలి, వాళ్ళు వద్దంటేనే ముందుకి పోవాలి. మిర్చి లారీ గుంటూరు మీదుగా చెన్నై పోతా ఉంటే గుంటూరు వాళ్ళు ఆపి, దించు బస్తాలు, మూడు రోజులు మా ఊళ్ళో పెట్టు, మా వాళ్ళు చూసుకున్నాక మిగిల్తే తీసుకుపో అంటే ఎట్లా ఉంటుంది? అది ఆరు వందల ఏళ్ళ దాకా ఏదో రూపంలో నడిచింది, 1831లో గానీ పూర్తిగా పోలేదు. ఆగినందుకు ఊరికి కూలి, అద్దె, కాటా రుసుము, దళారీ కమిషన్ అన్నీ వచ్చేవి. ఆ గోపురాల చర్చి చూసి అందరూ ఫోటోలు తీసుకుంటారు, ఆ ఊరి సంపద వెనక ఈ దించుడు ఉందని ఎవరూ అనుకోరు.

(వెనక నుంచి ఒకరు: మాస్టారూ, ఇది మన చెక్‌పోస్టులాంటిదా?)

చెక్‌పోస్టు వాడు డబ్బులు తీసుకుని వదిలేస్తాడండి, వీళ్ళు సరుకే తీసుకునేవాళ్ళు. (నవ్వులు) నచ్చిన రేటుకి.

ఇప్పుడు ఊరు దాటి పోదాం. లూబెక్, హాంబర్గ్, కొలోన్, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న డాన్జిగ్ ఇలాంటి ఊళ్ళన్నీ కలిసి హన్సా అని ఒక జట్టు. దేశం కాదు, రాజు లేడు, జెండా లేదు, సైన్యం లేదు, అవసరమైతే ఓడలు కూడగట్టి యుద్ధం మాత్రం చేస్తారు. వీళ్ళ పెద్ద మకాములు నాలుగు: లండన్, ఇప్పటి బెల్జియంలో బ్రూజ్, నార్వేలో బెర్గెన్, రష్యాలో నొవ్‌గొరోద్. బ్రూజ్‌లో వీళ్ళు ఊళ్ళో వాళ్ళతో కలిసి సత్రాల్లో ఉండేవాళ్ళు, అక్కడే వాన్ డెర్ బ్యూర్జె అనే కుటుంబం సత్రం ముందు వర్తకులంతా పోగయ్యేవాళ్ళు, స్టాక్ ఎక్స్చేంజిని యూరప్‌లో బోర్స్ అనడం ఆ ఇంటి పేరు నుంచే వచ్చింది. నొవ్‌గొరోద్‌లో సరుకు గోడౌన్ ఏదీ అంటే చర్చే, సెయింట్ పీటర్ చర్చిలో మైనం దిమ్మలు, బొచ్చు తోళ్ళు పెట్టి రాత్రి తాళం వేసేవాళ్ళు. అది 1494లో మాస్కో రాజు మూడో ఇవాన్ మూయించేసాడు.

బెర్గెన్ మాత్రం మా అబ్బాయి తీసుకెళ్ళి చూపించాడు కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. వాన, ఎప్పుడూ వానే. రేవు ఒడ్డున ఎరుపు పసుపు చెక్క ఇళ్ళు వరసగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, బ్రిగెన్ అంటారు. ముందు నుంచి చూస్తే బొమ్మరిల్లు, మధ్యలో సందులోకి పోతే చీకటి, పాత చెక్క వాసన. ఇప్పుడున్నవి 1702లో తగలబడ్డాక మళ్ళీ కట్టినవి. ఉత్తరాన లొఫొటెన్ దీవుల నుంచి ఎండబెట్టిన కాడ్ చేప వస్తుంది, ఉప్పు కూడా వెయ్యరు, చలిగాలికే కర్రలా ఎండిపోద్ది. మన వాళ్ళకి ఎండు చేప గురించి నేను చెప్పక్కర్లేదు. దానికి బదులు లూబెక్ నుంచి గోధుమలు, రై, పిండి. నార్వేలో ధాన్యం చాలదు, కాబట్టి తిండి గింజల తాళంచెవి జర్మన్ల చేతిలో ఉంది, హక్కులన్నీ దాంతోనే పిండుకున్నారు.

ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగించకూడదు, నిప్పు భయం. అంత చలిలో! వంటకి, చలి కాచుకోవడానికి వెనకాల వేరే గది. అప్రెంటిస్ కుర్రాళ్ళు బీరువా అరల్లాంటి చెక్క పెట్టెల్లో ఇద్దరేసి పడుకునేవాళ్ళు, నేను అరలోకి తలపెట్టి చూసాను, నా మోకాళ్ళు కూడా పట్టవు. ఎవరూ పెళ్ళి చేసుకోకూడదు, నార్వే పిల్లతో అసలు కూడదు. ఎందుకంటే పెళ్ళయితే అత్తగారి ఊరి వాడైపోతాడు, ఆస్తి అక్కడికి పోద్ది, రహస్యాలు కూడా పోతాయి. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి పొగగొట్టంలోకి వేలాడదీసి కింద కంపు వాసన వచ్చేవి తగలబెట్టి ప్రశ్నలు అడగటం, చన్నీళ్ళలో ముంచటం, బెత్తాలతో కొట్టటం, ఇవన్నీ ఆటలు అనేవాళ్ళు. మన ర్యాగింగే. దీన్ని తట్టుకున్నవాడే జట్టులోకి వస్తాడు. హక్కు ఉన్నవాడి బతుకు కూడా ఎంత ఇరుకో చూడండి, పెట్టెలో పడుకుని పెట్టెలోని కాగితానికి కాపలా.

లండన్ సంగతి వేరు, అక్కడ వీళ్ళు దర్జాగా బతికారు. థేమ్స్ ఒడ్డున స్టీల్‌యార్డ్ అని గోడ కట్టిన ఆవరణ, ఇప్పుడు కానన్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ ఉన్న చోటు. అసలు లండన్ పద్ధతే తమాషా. ఊరి పౌరుడు అయితేనే ఊళ్ళో చిల్లరగా దుకాణం పెట్టుకునే హక్కు. మూడు దారులు ఉన్నాయి, ఏడేళ్ళ చాకిరీ లాంటి అప్రెంటిస్ పని, లేదా తండ్రి పౌరుడు కావడం, లేదా డబ్బు. ఇవేవీ లేని ఇంగ్లీషు వాణ్ణే వాళ్ళు ఫారినర్ అనేవాళ్ళు, అంటే చీరాల వాడికి వేటపాలెం వాడు ఫారినర్! వేరే దేశం వాడైతే ఏలియన్. ఇప్పుడు ఈ ఏలియన్లలో హన్సా వాళ్ళకి వచ్చిన హక్కు చూడండి. 1303లో మొదటి ఎడ్వర్డ్ రాజు పరదేశి వర్తకులందరికీ ఒక సనదు ఇచ్చాడు, మీరు కొంచెం ఎక్కువ సుంకం కట్టండి, బదులుగా మీ వ్యాజ్యాల్లో జ్యూరీలో సగం మంది మీ వాళ్ళు ఉంటారు అని. బాగుంది కదా. తర్వాత రాజులకి యుద్ధ ఖర్చులు పెరిగి 1347లో ఉన్ని గుడ్డ మీద కొత్త సుంకం వేసారు. హన్సా వాళ్ళు ఏం చేసారు? పెట్టె తెరిచి 1303 కాగితం తీసారు. అందులో రాసినంతే కడతాం, పైసా ఎక్కువ కట్టం అన్నారు. లెక్క ఎక్కడ తేలిందంటే, ఒక గుడ్డ తాను ఎగుమతికి ఇంగ్లీషు వాడు 14 పెన్నీలు, మిగతా దేశాల వాళ్ళు 33, హన్సా వాడు 12. సొంత దేశంలో సొంత గుడ్డ మీద సొంత వాడి కన్నా పరాయివాడు తక్కువ కడుతున్నాడు. ఇంగ్లీషు వర్తకులు రెండు వందల ఏళ్ళు కడుపు మండి పోయారంటే ఆశ్చర్యం ఏముంది.

అలా అని ఊరికే తినలేదు. 1282లో లండన్ ఊరితో ఒప్పందం, బిషప్స్‌గేట్ అనే కోట గుమ్మం రిపేర్లు హన్సా వాళ్ళు చూసుకోవాలి, అవసరం వస్తే దాని కాపలాలో మూడో వంతు భరించాలి. మళ్ళీ బకెట్ లెక్కే, పేరు మారింది అంతే.

ఆ స్టీల్‌యార్డ్ మనిషి ఎట్లా ఉండేవాడో చూడాలంటే బెర్లిన్ మ్యూజియంలో హోల్బైన్ అనే చిత్రకారుడు 1532లో వేసిన బొమ్మ ఉంది. గేయోర్గ్ గీజె, డాన్జిగ్ వర్తకుడు, ముప్పైల్లో ఉంటాడు, గులాబీ రంగు పట్టు చొక్కా చేతులు. టేబుల్ మీద తుర్కీ తివాచీ, గాజు కుండీలో కార్నేషన్ పూలు, నాణేల డబ్బా, కత్తెర, ముద్రలు. గోడకి చిన్న కాటా, పట్టీల వెనక దోపిన ఉత్తరాలు. చేతిలో ఒక ఉత్తరం విప్పబోతున్నాడు, దాని మీద అడ్రసు చదవచ్చు, ఇంగ్లండులో లండన్‌లో ఉన్న నా సోదరుడు గీజెకి చేరాలి అని. నేను ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. మా నాన్నగారు రంగూన్ నుంచి వాళ్ళ అన్నయ్య రాసిన ఉత్తరాలు ఇట్లాగే గోడకి తీగకి గుచ్చి పెట్టేవారు.

1598లో ఎలిజబెత్ రాణి స్టీల్‌యార్డ్ మూసి వీళ్ళని పంపేసింది. రెండేళ్ళకి, 1600 డిసెంబర్ 31న, అదే రాణి ఈస్టిండియా కంపెనీకి సనదు ఇచ్చింది. అంటే పరాయి ఊళ్ళో గోడ కట్టుకుని, కాగితం చేత్తో పట్టుకుని ఎట్లా బతకాలో లండన్ వర్తకులు మూడు వందల ఏళ్ళు కళ్ళారా చూసి నేర్చుకున్నారు. నేర్చుకున్నది ఎక్కడ చూపించారు? బందరులో. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా దగ్గర బంగారు ఫర్మానా తెచ్చుకున్నారు, ఏడాదికి 500 వరహాలు కట్టి గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం. ఆ కాగితం వాళ్ళు ఎంత భద్రంగా దాచుకున్నారో, ఎన్నిసార్లు చూపించారో మీకు తెలుసు, తర్వాత కథ మనమే అనుభవించాం.

అసలు నేను ఇక్కడ, చీరాలలో, ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే మోటుపల్లి మనకి ఇంత దగ్గర కాబట్టి. వీరభద్రస్వామి గుడి మండపంలో స్తంభం మీద కాకతీయ రాజు గణపతిదేవుడి అభయ శాసనం, సంస్కృతం, తెలుగు. శక 1166, అంటే 1244-45. లూబెక్ సనదుకీ దీనికీ పద్దెనిమిదేళ్ళే తేడా. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. పూర్వపు రాజులు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్ళు, ప్రాణం కన్నా ధనం గొప్పదని సముద్రం మీద ఇంత సాహసం చేసిన వాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, మేము నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం అంటాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. కింద గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, మిరియాలు, వక్క, దేనికెంతో లెక్క.

ఇదే రోగం యూరప్‌లోనూ ఉంది. ఓడ పగిలి ఒడ్డుకొచ్చిన సరుకు ఆ తీరం దొరది. ఉత్తర సముద్రం ఒడ్డు పల్లెల్లో పాదిరీలు మా ఒడ్డుని దీవించు ప్రభూ అని ప్రార్థన చేసేవాళ్ళని చెప్పుకుంటారు, దీవించడం అంటే ఓడ పగలటం! లూబెక్‌కి సనదు ఇచ్చిన ఆ రెండో ఫ్రెడరిక్కే 1220లో పట్టాభిషేకం రోజున అట్లా లాక్కోకూడదని చట్టం చేసాడు. తీరంలో వాళ్ళు వినలేదు. అందుకని హన్సా వాళ్ళు ఒక్కో తీరం దొర దగ్గరికీ పోయి, మా ఊరి వాళ్ళ సరుకు వరకు ముట్టుకోమని రాసివ్వండి అని విడివిడిగా కాగితాలు తెచ్చుకున్నారు.

తేడా చూసారా. గణపతిదేవుడు ఏ దీవి, ఏ దేశం, ఏ ఊరు అనకుండా సముద్ర వర్తకులందరికీ అన్నాడు. మనసు చూస్తే మన శాసనమే పెద్దది, అందులో అనుమానం లేదు. లూబెక్ వాళ్ళది మా వరకే అనే లోభం. కానీ మన శాసనం గుడి స్తంభం మీద ఉంది, రాజు మాట రాజు రాయి మీద. రేపు ఇంకో అధికారి వచ్చి లాక్కుంటే ఆ రాయి పీకి పట్టుకుని ఓరుగల్లు పోయి అడిగేవాడు ఎవడు? మనకి వర్తక సంఘాలు లేవని కాదు, అయ్యావళి ఐదువందల స్వాములు, పెక్కండ్రు, ఎంత పెద్ద పేర్లో. కానీ మోటుపల్లి అనే ఊరు ఒక మనిషిలా నిలబడి నా హక్కు అనే అమరిక అక్కడ నాకు కనపడదు. కాకతీయులు పోయాక, 1358లో అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్ళీ వర్తకులకి శాసనం వేయించాల్సొచ్చింది. లూబెక్‌లో కూడా రాజు మారితే మళ్ళీ ఖాయం చేయించుకోవాలి, ముందే చెప్పాను, కానీ అక్కడ పెట్టె తాళం తీసి బయల్దేరే వాడు ఒకడున్నాడు.

మోటుపల్లిని యూరప్‌కి చెప్పింది కూడా ఒక ఊరి పౌరుడే, వెనిస్ మార్కో పోలో. ముత్‌ఫిలి అని రాశాడు, వజ్రాలు, సాలెగూడంత సన్నటి బట్టలు, రాజ్యం ఏలే విధవ రాణి. వెనిస్‌లో బయటి నుంచి వచ్చినవాడికి పౌరసత్వం 1305 చట్టం ప్రకారం రెండు అంచెలు. 15 ఏళ్ళు పన్ను కడుతూ కాపురం ఉంటే ఊళ్ళో వ్యాపారం, 25 ఏళ్ళు ఉంటే సముద్రం మీద వెనిస్ వాడిగా వ్యాపారం. జర్మన్ వర్తకులైతే ఒకటే పెద్ద భవనంలో దిగాలి, సరుకంతా అక్కడే. 15 ఏళ్ళు అనగానే తెలంగాణ వాళ్ళకి గుర్తొస్తుంది, 1919 నిజాం ఫర్మానాలో ముల్కీ, అంటే స్థానికుడు, కావాలన్నా 15 ఏళ్ళ కాపురమే. ఊరికే అన్నాను, కొట్టుకోకండి. (నవ్వులు)

టైమ్ అయిపోయిందని చీటీ పంపారు. ఎవరైనా అడగాలంటే ఒకటి అడగండి.

(ఒక అమ్మాయి: మరి ఆ లూబెక్ కాగితం ఇప్పుడు చెల్లుతుందా సార్?)

మంచి ప్రశ్నమ్మా. 1226 నుంచి 1937 దాకా, 711 ఏళ్ళు, మధ్యలో నెపోలియన్ మింగిన కొన్నేళ్ళు తీసేస్తే, లూబెక్ తన కాళ్ళ మీద తాను నిలబడింది. 1937లో హిట్లర్ ప్రభుత్వం ఒక్క చట్టంతో దాన్ని తీసి పక్క రాష్ట్రంలో కలిపేసింది. యుద్ధం అయ్యాక ఊరి వాళ్ళు ఊరుకుంటారా, మా రాష్ట్రం మాకివ్వండి, జనాన్ని అడగండి అని కోర్టుకి పోయారు. 1956 డిసెంబర్‌లో రాజ్యాంగ కోర్టు కుదరదు అంది. యుద్ధంలో బాంబులకి భయపడి ఊరి పాత పత్రాలు చాలా వరకు దూరంగా ఉప్పు గనిలో దాచారు, అక్కడి నుంచి సోవియట్ వాళ్ళు పట్టుకుపోయారు, 1980ల చివర్లో గానీ తిరిగి రాలేదు. ఇప్పుడు అక్కడ కార్లకి నంబర్ ప్లేట్ మీద హెచ్ ఎల్ అని ఉంటుంది, హన్సా ఊరు లూబెక్ అని. హాంబర్గ్‌కి హెచ్ హెచ్. మా వాడి కారుకి హెచ్ హెచ్ ఉంది. ఇల్లు మారిన రెండు వారాల్లోపు ఆఫీసుకి పోయి పేరు రాయించుకోవాలి అక్కడ, వాడు రాయించుకుని ఆ కాగితం ఎక్కడో పెట్టి మర్చిపోయాడు, మేము ఉన్న నెల రోజులూ ఇల్లంతా వెతికాం.

(టీలు వచ్చాయి.)